ఆకుల గిన్నెల తోట: ఫ్లోరిడా పెరళ్ళలో బ్రొమీలియడ్లు

మయామీ చుట్టుపక్కల ఇంటి పెరట్లో గునపం దింపితే చాలాచోట్ల జానెడు లోతు దిగకముందే ఖంగుమంటుంది. కింద ఉన్నది సున్నపురాయి. దాని మీద పరుచుకున్న మట్టి పలుచన, క్షారగుణం ఎక్కువ. మందారం లాంటి మొండి మొక్కకు కూడా ఇక్కడ ఇనుము అందక ఆకులు పాలిపోతాయి. కాస్త ఉత్తరానికి, టాంపా, ఒర్లాండో వైపు వెళితే రాయి బదులు ఇసుక. పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి జారిపోతాయి. వానలు మే నెలాఖరులో మొదలై అక్టోబరు దాకా కుండపోతగా కురుస్తాయి, ఆ తర్వాత ఆరు నెలలు దాదాపు పొడి. ఇలాంటి చోట ఇంటి ముందంతా పచ్చిక పరిచి, ఏడాది పొడుగునా నీళ్ళూ ఎరువులూ పోసి దాన్ని పోషించడం ఆనవాయితీ అయిపోయింది. ఆ ఖర్చు తప్పించుకోవాలనుకునేవాళ్ళకు అక్కడి తోటమాలులు తరచూ చెప్పే పేరు బ్రొమీలియడ్.

పేరు కొత్తగా తోచినా ఆ కుటుంబం మనకు తెలియనిదేమీ కాదు. అనాస దానిదే. కొలంబస్ 1493లో గ్వాడెలూప్ దీవిలో చూసిన పండు అదే. ఈ కుటుంబంలో 3,500కు పైగా జాతులున్నాయి. అన్నీ అమెరికా ఖండాలవే, పశ్చిమాఫ్రికాలోని గినీ దేశపు కొండరాళ్ళ మీద పెరిగే పిట్‌కెయిర్నియా ఫెలిసియానా ఒక్కటే మినహాయింపు. అనాస లాగా నేలలో వేరూని బతికేవి కొన్ని. సగానికి సగం చెట్ల కొమ్మల మీదా రాళ్ళ మీదా కూర్చుని బతుకుతాయి. అలాగని అవి పరాన్నజీవులు కావు, చెట్టు రసం పీల్చవు. వేర్లు పట్టు కోసమే. నీళ్ళనూ పోషకాలనూ ఆకుల మీది సన్నని పొలుసులు తాగుతాయి. చాలావాటిలో ఆకుల మొదళ్ళు ఒకదాన్నొకటి ఒరుసుకుని గిన్నెలా ఏర్పడి, పడిన వానను పట్టి ఉంచుతాయి. అందులో రాలిన ఆకులూ చచ్చిన పురుగులూ కుళ్ళి ఎరువవుతాయి. చాలా జాతులు ఆకురంధ్రాలను రాత్రిపూట తెరిచి కార్బన్ డయాక్సైడును దాచుకుని, పగలు మూసుకుంటాయి. ఎండలో నీరు ఆవిరి కాకుండా అదొక జాగ్రత్త.

ఈ సంగతి మనసుకెక్కితే తోట వేసే వరుస మారిపోతుంది. మామూలు తోటకు మట్టితో మొదలుపెడతాం. దీనికి నెత్తి మీది ఆకాశంతో మొదలుపెట్టాలి. వెలుగు ఎంత, ఏ వేళకు వస్తుంది, వాన నేరుగా పడుతుందా, గిన్నెలో నిలిచిన నీటి సంగతి ఎవరు చూస్తారు - ఈ ప్రశ్నలకు జవాబు దొరికాకే మొక్క పేరు ఎత్తాలి. నర్సరీలో ఎర్రగా మెరిసేదాన్ని కొనుక్కొచ్చి, దానికి చోటు వెతకడం అందరూ చేసే పని. విఫలమయ్యే తోటల్లో ఎక్కువ భాగం అక్కడే దారి తప్పుతాయని నా అభిప్రాయం.

ఇద్దరి వారసత్వం

బ్రొమీలియడ్‌ను గాజుగృహం నుంచి తోటలోకి తెచ్చినవాళ్ళలో ఇద్దరి పేర్లు ముందు చెప్పుకోవాలి. మొదటివాడు బ్రెజిల్ చిత్రకారుడు, తోటల రూపశిల్పి రొబెర్టో బుర్లే మార్క్స్. 1909లో సావో పాలోలో పుట్టాడు. 1928లో కుటుంబంతో బెర్లిన్ వెళ్ళినప్పుడు అక్కడి డాలెం వృక్షోద్యానపు గాజుగృహాల్లో తన దేశపు మొక్కలను చూసి నివ్వెరపోయాడు. అప్పట్లో బ్రెజిల్ సంపన్నుల తోటల్లో ఐరోపా మొక్కలకే మర్యాద. పక్క కొండ మీది బ్రొమీలియడ్ వాళ్ళ కంటికి కలుపు. 1949లో రియో శివారు బార్రా డి గ్వారాటిబాలో పాత తోట ఒకటి కొని, అడవుల వెంట తిరిగి తెచ్చిన మొక్కలతో దాన్ని నింపాడు. ఆ తోటను 1985లో ప్రభుత్వానికి ఇచ్చేశాడు. 1994లో చనిపోయాడు. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఈనాటికి అక్కడ 3,500కు పైగా రకాల మొక్కలున్నాయి. రియోలో కూలగొట్టిన పాత భవనాల గ్రానైటు రాళ్ళను తెచ్చి గోడలుగా పేర్చి, ఆ రాళ్ళ సందుల్లో బ్రొమీలియడ్లను కూర్చోబెట్టాడు. ఆయన పద్ధతి చిత్రకారుడిది: ఒకే జాతిని విస్తారంగా నాటి, దాన్ని ఒక రంగు మేరగా చూడడం.

రెండోవాడు మల్‌ఫర్డ్ ఫాస్టర్ (1888-1978). ఉండేది ఒర్లాండోలో. భార్య రేసీన్‌తో కలిసి 1939, 1940లలో బ్రెజిల్ అడవుల్లో తిరిగి, శాస్త్రానికి తెలియని జాతులను ఎన్నింటినో వెలికితీశాడు. ఆ ప్రయాణాల మీద దంపతులు రాసిన ‘బ్రెజిల్, ఆర్కిడ్ ఆఫ్ ద ట్రాపిక్స్’ 1945లో వచ్చింది. 1950లో ఏర్పడిన బ్రొమీలియడ్ సొసైటీకి ఆయనే తొలి అధ్యక్షుడు. సంకర రకాలను తయారుచేయడంలో దిట్ట. ఫ్లోరిడా పెరళ్ళలో ఈనాడు కనిపించే మొక్కల వెనక, వాటిని సేకరించే పిచ్చి వెనక కూడా, ఆయన చెయ్యి ఉంది.

ఫ్లోరిడా ఇంటితోటలకు ఈ రెండిట్లో ఎక్కువగా అబ్బింది ఫాస్టర్ వారసత్వమే. రకానికొకటి చొప్పున నలభై మొక్కలు, ప్రతిదాని పక్కనా పేరు రాసిన చీటీ. సేకరణగా అది ముచ్చటే. తోటగా చూస్తే కన్ను ఎక్కడా నిలవదు. బ్రొమీలియడ్లు స్వభావరీత్యా గట్టి ఆకారం, గట్టి రంగు ఉన్నవి. రెండు పక్కపక్కన ఉంటే పోటీపడతాయి, ఇరవై రకాలుంటే గోల. బుర్లే మార్క్స్ పద్ధతిని పావు ఎకరం స్థలంలోకి దించడం కష్టమే, కానీ అసాధ్యమేమీ కాదు. ఆయన దగ్గర నేర్చుకున్న రేమండ్ జంగల్స్ దక్షిణ ఫ్లోరిడాలో వేసిన తోటలు చూస్తే ఆ మాట నమ్మవచ్చు. నన్నడిగితే చిన్న పెరటికి మూడు నాలుగు రకాలు చాలు: నేల కప్పడానికి ఒకటి గుంపుగా, నడుమెత్తున ఒకటి అక్కడక్కడా, చూపు ఆగడానికి పెద్దది ఒకే ఒక్కటి. మిగతా సేకరణ సరదా వరండాలో కుండీలతో తీర్చుకోవచ్చు.

పచ్చిక తీసేస్తామంటే కాలనీ సంఘం ఒప్పుకోదని భయపడేవాళ్ళకు ఒక మాట. నీళ్ళు పొదుపుచేసే, స్థానిక పరిస్థితికి తగిన తోటల పద్ధతిని ఇంటి యజమానుల సంఘాలు నిషేధించకుండా ఫ్లోరిడా శాసనసభ 2009లో చట్టాన్ని సవరించింది. ఎలా వేస్తున్నారో నక్షా అడిగే హక్కు మాత్రం సంఘానికి ఉండొచ్చు.

వెలుగు లెక్క

మొక్కను చూసి దాని వెలుగు అవసరాన్ని కొంతవరకు పోల్చుకోవచ్చు. ఆకు మెత్తగా, పలుచగా, ముదురాకుపచ్చగా ఉండి అంచున ముళ్ళు లేకపోతే అది అడవి నీడలో పెరిగేది: గుజ్మేనియాలు, వ్రీసియాల్లో చాలా భాగం ఇలాంటివే. ఆకు బిరుసుగా, బూడిదరంగు పొలుసులతో, ముళ్ళతో ఉంటే ఎండను తట్టుకునేది: డిక్కియా, హోహెన్‌బెర్జియా, ఎక్మియాల్లో చాలా రకాలు. మినహాయింపులున్నా తోటకు వెళ్ళేముందు ఈ మాత్రం గుర్తు పనికొస్తుంది.

అందరూ కోరే నియోరెజీలియాలు ఈ రెంటికీ మధ్య ఉంటాయి. వాటి జాతుల్లో ఎక్కువ భాగం తూర్పు బ్రెజిల్ అట్లాంటిక్ అడవులవి. పూలు చిన్నవి, గిన్నె అడుగున నీళ్ళలోంచి తలెత్తి ఒక్కపూట కనిపించి పోతాయి. అందమంతా ఆకు రంగులో ఉంది, ఆ రంగు వెలుగు పెట్టే భిక్ష. నర్సరీలో నిప్పులా ఉన్న ‘ఫైర్‌బాల్’ను తెచ్చి దట్టమైన నీడలో పెడితే కొన్ని నెలల్లో పచ్చగా, సాగిపోయిన ఆకులతో గుర్తుపట్టలేనట్టు తయారవుతుంది. నత్రజని ఎరువు వేసినా అదే గతి. నియోరెజీలియాకు ఆకలి, వెలుగు రెండూ ఉంటేనే రంగు. చేతిలో ఎరువు డబ్బా ఉంటే ఊరుకోలేని తోటమాలికి ఈ మొక్క సరిపడదు.

పూర్తి ఎండకు ఫ్లోరిడాలో తిరుగులేనిది ఎక్మియా బ్లాంషెటియానా. బ్రెజిల్ తూర్పు తీరపు ఇసుక పొదల్లోది. నీడలో మామూలు పచ్చ, నడి ఎండలో నారింజ, ఇటుక రంగులు. ఉప్పుగాలికీ ఓరుస్తుంది. అందుకే మయామీ కొత్త భవనాల ముందు ఎక్కడ చూసినా అదే. ఎక్కడ చూసినా అదే కావడం దాని ఏకైక దోషం. ముళ్ళున్న రకాలను కాలిబాటకు రెండడుగుల దూరంలో పెట్టకపోతే రోజూ నడిచేవాళ్ళ పిక్కలే చెబుతాయి.

ఎండ కూడా ఏడాది పొడుగునా ఒకేలా పడదు. 25-28 అక్షాంశాల మధ్య ఉన్న చోట జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, డిసెంబరులో దక్షిణానికి బాగా వాలతాడు. ఇంటి ఉత్తరపు గోడ వారగా చలికాలమంతా నీడలో ఉన్న చోటికి జూన్‌లో పొద్దునా సాయంత్రమూ ఎండ తగులుతుంది. ఫిబ్రవరిలో నీడ చూసి గుజ్మేనియాలు నాటినవాడు జూన్‌లో మాడిన ఆకులను చూస్తాడు. తూర్పు ఎండ చాలా రకాలకు మేలు, పడమటి ఎండ కొద్ది రకాలకే.

చెట్ల నీడల్లో అన్నిటికన్నా మంచిది అక్కడి లైవ్ ఓక్‌ది. ఎత్తుగా, వెడల్పుగా పరుచుకుని, ఆకుల సందుల్లోంచి వెలుగును జల్లిస్తుంది. గరుకు బెరడు రాలిపోదు కాబట్టి కొమ్మల మీదా మొక్కలు కట్టుకోవచ్చు. ఆ కొమ్మల నుంచి గడ్డాల్లా వేలాడే స్పానిష్ మాస్ కూడా నాచు కాదు, బ్రొమీలియడే. అయితే చెట్టును నమ్ముకున్న తోటకు ఒక ముప్పుంది. 1992 ఆగస్టు 24న ఆండ్రూ తుఫాను మయామీ దక్షిణ శివార్ల మీదుగా పోయాక ఆ ప్రాంతపు పెరళ్ళలో నీడ అన్నదే మిగల్లేదు. అలాంటప్పుడు గాలికి బతికిన నీడ మొక్క మర్నాటి ఎండకు మాడుతుంది. అందుకే తెలిసినవాళ్ళు తుఫాను కాలానికి ముందే నీడగుడ్డ ఒక చుట్ట కొని గరాజ్‌లో పడేసి ఉంచుతారు.

చలి సంగతి మయామీకి చిన్నది, టాంపా, ఒర్లాండోలకు పెద్దది. 2010 జనవరిలో లాగా చలి రోజుల తరబడి నిలిచినప్పుడు గుజ్మేనియాలు ముందు పడిపోతాయి. డిక్కియాలు, బిల్‌బెర్జియా న్యూటాన్స్ లాంటివి కాస్త మంచునూ ఓర్చుకుంటాయి. రాత్రి కప్పాల్సి వస్తే పాత దుప్పటి కప్పాలి. ప్లాస్టిక్ ఆకుకు తగిలినచోట మచ్చ పడుతుంది.

నేల తక్కువే, కానీ రాగి వద్దు

మట్టి ముఖ్యం కాదన్నంత మాత్రాన ఎలాగైనా నాటవచ్చని కాదు. అడుగున నీరు నిలిస్తే మొదలు కుళ్ళుతుంది. రాతి నేల మీద పైన్ బెరడు ముక్కలు, కంకర కలిపి జానెడు మెరక చేసి, మొక్కను లోతుగా పాతకుండా నిలబడేంతవరకే ఆనించాలి. ఊగితే వేరు పట్టదు కాబట్టి పుల్ల పాతి కట్టడం మంచిది. కొందరు కుండీతో సహా నేలలో దించుతారు. రంగు తగ్గిన మొక్కను తీసి మరొకటి పెట్టుకునే వీలుంటుంది, చలి రాత్రి లోపలికి మోసుకుపోవచ్చు. కానీ కుండీ మొక్క పిలకలతో విస్తరించలేదు. గుంపుగా పరుచుకోవాల్సినదాన్ని నేరుగా నాటడమే సబబు.

నీటికొస్తే మయామీ ప్రాంతానికి తాగునీరు ఇచ్చే బిస్కేన్ భూజలం సున్నపురాతి పొరల్లోది. ఆ నీటిని రోజూ ఆకుల మీద చిమ్మితే తెల్లటి మరకలు కట్టి, పొలుసులు పూడుకుపోతాయి. చూరు కింద పీపా పెట్టి పట్టిన వాన నీళ్ళకు సాటి లేదు. దక్షిణ ఫ్లోరిడాలో తోటలకు నీళ్ళు పెట్టే రోజుల మీద ఏడాది పొడుగునా పరిమితులున్నాయి. పచ్చికకు అవి ఇబ్బంది, గిన్నెలో నీరు దాచుకునే మొక్కకు పట్టవు.

బ్రొమీలియడ్లకు అసలు విషం రాగి. ఆకు పొలుసులు నీటితోపాటు అందులో కరిగినదాన్నీ పీల్చేస్తాయి, రాగి మోతాదు కాస్త ఎక్కువైతే మొక్క చస్తుంది. రాగి తీగతో కొమ్మకు కట్టడం, రాగి మేకు కొట్టడం, రాగి గొట్టం కింద నాటడం - మూడూ చెయ్యకూడనివి. చెక్క గట్లతో ఇంకో చిక్కు ఉంది. చెదపట్టకుండా మందు పట్టించిన కలపలో ఒకప్పుడు క్రోమియం, రాగి, ఆర్సెనిక్ ఉండేవి. 2003 ముగిసేనాటికి అమెరికాలో ఇళ్ళ వాడకానికి ఆ కలపను మానేశారు. ఆర్సెనిక్ పోయింది. దాని స్థానంలో వచ్చిన మందుల్లో రాగిదే పెద్దపాలు. ఆ చెక్కతో గట్టు కట్టి, దాని మీంచి కారిన వాన గిన్నెల్లో పడేలా నాటితే మొక్కలు ఎందుకు పోతున్నాయో ఎవరికీ అంతుపట్టదు.

ఫ్లోరిడాలో ఇల్లు కొన్న తెలుగువాళ్ళు ఇక్కడే జాగ్రత్తపడాలి. పెరట్లో మామిడి మొక్క లేకుండా మనవాళ్ళుండరు. పూత మీద వచ్చే మచ్చతెగులుకు అక్కడ అందరూ కొట్టే మందు రాగిదే. మామిడి కింద నీడ బాగుందని బ్రొమీలియడ్లు పరిచి, జనవరిలో చెట్టుకు మందు కొడితే పైది బతుకుతుంది, కిందివి పోతాయి. మామిడి కావాలంటే దాని కింద వేరే ఏదైనా వెయ్యండి.

దోమ: తేలని వాదం

ఈ మొక్కల మీద వచ్చే ఆక్షేపణలన్నిటిలో బరువైనది ఇదే. గిన్నెలో నీళ్ళుంటే దోమలుంటాయి. ఈ భయం వట్టిది కాదు. ట్రినిడాడ్‌లో కోకో తోటలకు నీడగా పెంచిన ఇమ్మోర్టెల్ చెట్ల మీద బ్రొమీలియడ్లు విపరీతంగా పెరిగాయి. వాటి గిన్నెల్లో పెరిగే అనాఫిలిస్ బెల్లేటర్ దోమ మలేరియాను వ్యాపింపజేసేది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో దాన్ని శోధించిన యువ శాస్త్రవేత్త కోలిన్ పిట్టెన్‌డ్రిగ్. జీవగడియార శాస్త్రానికి మూలపురుషుల్లో ఒకరిగా తర్వాత పేరుపొందినవాడు ఆయనే. అక్కడి మలేరియా నిర్మూలనకు ఎంచుకున్న ఆయుధం చెట్ల మీద మైలుతుత్తం పిచికారీ. పైన చెప్పిన రాగి విషమే అక్కడ మందయింది. దక్షిణ బ్రెజిల్‌లోని శాంటా కటరీనాలో కూడా ఇలాంటి మలేరియా వల్లే అడవుల్లో బ్రొమీలియడ్లను లక్షలుగా పీకేశారు.

ఫ్లోరిడాలో ఆ మలేరియా లేదు. గిన్నెల్లో సహజంగా పెరిగేది వయోమియా అనే చిన్న దోమ. పగటిపూట కుడుతుంది, చిరాకు పెడుతుంది, మనుషులకు రోగం మోసుకొచ్చే పేరు దానికి లేదు. అసలు బెడద డెంగీ, జికాలను మోసే ఏడెస్ ఈజిప్టై. 2016 వేసవిలో మయామీలో జికా స్థానికంగా సోకడం మొదలైనప్పుడు మయామీ బీచ్ నగరపాలకులు బహిరంగ స్థలాల్లోని బ్రొమీలియడ్లను తీయించారు. అది సబబేనా?

పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు. రియో వృక్షోద్యానం దగ్గర ఏడాది పాటు బ్రొమీలియడ్ల నీటిని తోడి చూసి 2009లో వెలువరించిన అధ్యయనంలో దొరికిన 2,800 పైచిలుకు దోమ పిల్లల్లో ఏడెస్ ఈజిప్టై రెండే. మిగతావి దాదాపు అన్నీ అడవి దోమలు. ఆ లెక్కను చూపించి మొక్కల ప్రేమికులు చాలాకాలం నిశ్చింతగా ఉన్నారు. 2018లో మయామీ-డేడ్ కౌంటీ మొక్కల మీద వచ్చిన అధ్యయనం దానికి ఎదురు తిరిగింది. అక్కడి అలంకార బ్రొమీలియడ్లు ఏడెస్ ఈజిప్టైకి ముఖ్యమైన పుట్టిళ్ళని తేల్చింది. రెండూ నిజం కావడానికి అడ్డేమీ లేదు. అడవి పక్కనున్న గిన్నెలో పోటీదారులు, వేటాడే పురుగులు నిండి ఉంటాయి. కాంక్రీటు మధ్య ఏకాకిగా నాటిన గిన్నెలో ఊరి దోమకు ఎదురు లేదు. ఇంటితోట ఈ రెండిట్లో దేనికి దగ్గరో ఎవరి పెరడు వారు చూసుకోవాలి. శివారు కాలనీల్లో ఎక్కువ భాగం రెండోదానికే దగ్గర.

కనుక మొక్కను వదులుకోనక్కరలేదు, పని మాత్రం తప్పదు. వెచ్చటి నీటిలో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పదిరోజులు చాలు. వారానికి రెండుసార్లు గొట్టంతో గట్టిగా నీళ్ళు కొట్టి గిన్నె పొంగిపొర్లేలా చేస్తే పిల్లపురుగులు బయటపడి చస్తాయి. గుడ్లు మాత్రం ఆకు గోడకు అంటుకునే ఉంటాయి కాబట్టి ఒకసారి చేసి చేతులు దులుపుకుంటే లాభం లేదు. ఊరెళ్ళే ముందు బీటీఐ గుళికలు కాసిని వేయవచ్చు. అది దోమ, ఈగల జాతి పిల్లపురుగులనే చంపే బాక్టీరియా మందు, మొక్కకూ కప్పకూ హాని లేదు. నీటి మీద నూనె చుక్కలు వేయమనే సలహాను పక్కన పెట్టండి, ఆకు పొలుసులు మూసుకుపోతాయి. ఇక చంటిపిల్లలు ఆడుకునే చోటా, కూర్చునే అరుగు దగ్గరా గిన్నె లేని రకాలే వేస్తే గొడవే లేదు. డిక్కియా, గాలిలో వేలాడే టిలాండ్సియాలు నీరు నిలవనివ్వవు.

గిన్నె నీటిలో దోమ ఒక్కటే బతకదన్నదీ మర్చిపోకూడదు. జమైకాలో మెటోపాలియస్ అనే ఎండ్రకాయ తన పిల్లలను బ్రొమీలియడ్ గిన్నెలో పెంచుతుంది. తల్లి కుళ్ళిన ఆకులను ఏరి పారేసి, నత్తగుల్లలు తెచ్చి నీళ్ళలో వేస్తుంది. వాటి సున్నం నీటి పులుపును తగ్గిస్తుంది, పిల్లల పెంకు గట్టిపడడానికీ పనికొస్తుంది. మన పెరట్లో అంత వైభవం ఉండదు గాని చెట్టుకప్పలు, తొండలు వచ్చి చేరతాయి.

ముక్కు పురుగు

1989లో ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీలో మెక్సికో నుంచి దిగుమతైన మొక్కలతోపాటు ఒక ముక్కు పురుగు వచ్చినట్టు గుర్తించారు. పేరు మెటమాసియస్ కాలిజోనా. నల్లగా సెంటీమీటరుకు కాస్త ఎక్కువ ఉంటుంది, వీపు మీద అడ్డంగా పసుపు, నారింజ పట్టీ. ఆకు మొదట్లో గుడ్లు పెడుతుంది, పిల్లపురుగు కాండం గుండెను తొలిచేస్తుంది. పైకి బాగానే కనబడే మొక్క నడిమి ఆకులను లాగితే ఊడి చేతికొస్తాయి.

తోటవాడికి ఇది కొంత నష్టం, అడవికి ఉపద్రవం. ఫ్లోరిడాకు సొంతమైన బ్రొమీలియడ్లు పదహారు జాతులు, వాటిలో పురుగు తొలవగలిగినంత పెద్దవి పన్నెండు. అన్నిటికన్నా దెబ్బతిన్నది టిలాండ్సియా యుట్రిక్యులేటా. అది ఏళ్ళ తరబడి పెరిగి, ఒకేసారి పూసి, గింజ రాల్చి చచ్చిపోతుంది, దానికి పిలకలుండవు. పూయకముందే పురుగు తినేస్తే ఆ వంశం అక్కడితో సరి. ఒకప్పుడు ఓక్ కొమ్మల నిండా కనిపించిన ఆ మొక్కను రాష్ట్రం ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. హోండురాస్ నుంచి తెచ్చిన లిక్సాడ్‌మోంటియా ఫ్రాంకీ అనే పరాన్నజీవి ఈగను 2007 నుంచి అడవుల్లో వదిలారు గాని, పురుగును అణచేంతగా అది స్థిరపడలేదు.

కొనే మొక్క ఎక్కడిదో అడగడం ఇందుకే అవసరం. చవగ్గా దొరికే అడవి మొక్కను కొంటే దానితోపాటు ఏం వస్తుందో తెలియదు, అక్కడి అడవీ ఖాళీ అవుతుంది. గ్వాటెమాలా ప్రాంతపు టిలాండ్సియా జీరోగ్రాఫికాకు అందుకే అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందంలో రక్షణ కల్పించారు. నర్సరీల్లో పెంచినవి, పొరుగువాళ్ళు పంచే పిలకలు ఇంటికి పుష్కలంగా చాలతాయి.

మన వైపు

తెలుగు నేల మీద ఈ కుటుంబానికి పాత చిరునామా మన్యం. సీతంపేట కొండల్లో సవరలు పండించే అనాసకు మార్కెట్లో పేరుంది. తోట మొక్కలుగా మాత్రం ఇవి ఇటీవలివి. కడియం నర్సరీల బుట్టల్లో, హైదరాబాద్ బాల్కనీల్లో స్పానిష్ మాస్, గుజ్మేనియా కనిపిస్తున్నాయి. కోస్తా తేమలో నియోరెజీలియాలను చెట్టు నీడన బయటే పెంచుకోవచ్చు. తెలంగాణ మే నెల వడగాడ్పులో మెత్తటి ఆకు రకాలు బయట నిలబడవు. డెంగీ మోసే దోమ ఇక్కడిదీ అదే కాబట్టి గిన్నె నీటి విషయంలో మనకు ఫ్లోరిడా కన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి, బోరు నీటి తెల్లమరకలు సరేసరి. ఫ్లోరిడాలో ఉన్న మనవాళ్ళు ఏమీ ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే కొన్న అనాస పండు తలను కోసి, రెండు రోజులు ఆరనిచ్చి, ఎండ తగిలే ఇసుకలో గుచ్చితే సరి. రెండేళ్ళకు అటూ ఇటూగా కాయ.

పూసిన తల్లి

చాలా బ్రొమీలియడ్లు అరటి లాంటివి, ఒక మొక్క ఒక్కసారే పూస్తుంది. పూశాక తల్లి నెమ్మదిగా వాడిపోతూ చుట్టూ పిలకలు వేస్తుంది. పిలక తల్లిలో మూడోవంతో సగమో అయ్యాక కోసి వేరే నాటుకోవచ్చు, లేదా గుంపుగా వదిలేయవచ్చు. సూపర్ మార్కెట్‌లో పూతతో కొన్న గుజ్మేనియాను పూత ఎండగానే చెత్తబుట్టలో వేసేవాళ్ళకు ఈ ముక్క తెలియదు. ఆ పూత కూడా తొందరపెట్టి రప్పించిందే. ఎథిలీన్ వాయువు తగిలితే ఈ కుటుంబం పూతకొస్తుంది. అనాస రైతులు ఒకేసారి కాపు కోసం ఇథిఫాన్ పోసేది అందుకే. ఇంట్లో మొండికేసిన మొక్కను మగ్గిన ఆపిల్‌తోపాటు సంచిలో కొన్ని రోజులు మూసిపెట్టేది కూడా అందుకే. కానీ వయసు రాని మొక్క మీద ఇది పనిచేయదు.

తోట గీసేటప్పుడు ఈ ఆయుష్షు లెక్క కూడా వేసుకోవాలి. ఫైర్‌బాల్ తీగలు సాచి ఏడాదికేడాది పరుచుకుంటుంది, ఏ ఒక్క మొక్క పోయినా గుంపు చెదరదు. రియో ఎగువ పెట్రోపోలిస్ దగ్గరి గ్రానైటు కొండల అల్కంటారియా ఇంపీరియాలిస్‌ది వేరే దారి. మనిషి రెండు చేతులు చాచినా అందనంత వెడల్పుగా పెరుగుతుంది, ఎండలో ఆకుల అడుగు వైన్ రంగుకు తిరుగుతుంది, పూలకంకి మూడు మీటర్లు దాటుతుంది. పూయడానికి ఎనిమిది, పదేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పూశాక ఆ మొక్క పోతుంది, ఇంటి ముందు పెద్ద ఖాళీ మిగులుతుంది. లేతగా ఉన్నప్పుడే దాని మొదట్లో గడ్డిపోచల్లా వచ్చే చిన్న పిలకలను తీసి పెంచుకుంటూ ఉంటే, ఆ ఖాళీలోకి మరొకటి సిద్ధంగా ఉంటుంది. ఐదేళ్ళలో ఇల్లు అమ్మేసి వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు దాని జోలికి పోకుండా ఫైర్‌బాల్‌తో సరిపెట్టుకోవడం మేలు, లేదంటే ఆ పూత కొన్నవాళ్ళ అదృష్టం.